పిడి లేపే ఉద్యోగం

కొండపంటల అభివృద్ధి సంస్థలో దించిన చెయ్యి ఎత్తరాదు. ఇది సామెత కాదు, నిబంధన. ఎప్పుడో వెనకటి రోజుల్లో గిడ్డంగి కాపలాదారు ఒకడు సాయంత్రం షట్టరు తనే దించి, పొద్దున తనే ఎత్తి, ఆ మధ్యలో మిరియాల బస్తాలకు కాళ్ళు మొలిపించాడు. అప్పటి ఎండీగారు మండిపడి, ఇకమీదట ఒకరు దించినదాన్ని మరొకరే ఎత్తాలని ఉత్తర్వు జారీ చేశారు. ఆ కోపంలో షట్టర్ల మాట రాయడం మరిచిపోయారు. ఆయన రిటైరైపోయారు గానీ ఉత్తర్వుకు రిటైర్మెంటు లేదు కదా! అప్పట్నించీ, విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఆ ఆఫీసులో, కిటికీ తెర దించిన గుమాస్తా దాన్ని మళ్ళీ ఎత్తడు. పెరటి బావిలో చేద వేసిన మనిషి తోడడు. తోడే మనిషి సెలవు పెడితే చేద నీళ్ళలోనే నానుతుంది. ఇదేం చోద్యమని అడిగినవాళ్ళు మొదట్లో ఉండేవారు. నెల తిరిగేసరికి జీతం వస్తూంటే మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

అటువంటి ఆఫీసుకు ఒకనాడు కాఫీ మిషను వచ్చింది.

కొత్త ఎండీ పినాకపాణిగారికి అంతకుముందే ఒక బెంగ పట్టుకుని ఉంది. కొండల మీద కాఫీ పండించి దేశదేశాలకు పంపే సంస్థ, తను మాత్రం డికాక్షన్‌లో పాలూ పంచదారా గుమ్మరించుకుని తాగడమేమిటని ఆయన బాధ. ఒక టూరులో, ఏనాటి దొరలో కట్టుకున్న కొండబంగళా అటక మీద, ఎలుకలు కాపురం పెట్టిన పాత ఎస్ప్రెసో మిషను ఆయన కంటపడింది. రాగి బాయిలరు, నెత్తిన ఇత్తడి గొడుగు, పక్కన ముంజేయంత పొడుగున ఓ పిడి. మోటారు లేదు, స్విచ్చులు లేవు. బాయిలర్లో నీళ్ళు కాగి ఆవిరి పుట్టాక, గరిటెలాంటి గిన్నెలో కాఫీ పొడి అదిమి బిగించి, పిడి కిందికి లాగి వదలాలి. ఆయన దాన్ని బాగుచేయించి, తళతళా తోమించి, హాల్లో చలవరాతి దిమ్మ మీద కూర్చోబెట్టారు.

నేర్పడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. శిక్షణ అంటే అధికారులే వెళ్ళాలి గనక అధికారులే వెళ్ళారు. కాఫీ చరిత్ర విన్నారు, భోజనం చేశారు, మిషను పక్కన నిలబడి ఫొటోలు దిగారు, ధ్రువపత్రాలు పుచ్చుకుని ఎవరి గదులకు వాళ్ళు పోయారు. దాన్ని ముట్టుకున్న పుణ్యాత్ముడు లేడు. రైలుకు టైమైపోతోందని సంచి భుజాన వేసుకున్న గురువుగారు, కప్పులు కడుగుతున్న అటెండరు పోలమ్మనూ, కుర్చీలు సర్దుతున్న గుమాస్తా గవర్రాజునూ చూసి, ఎవరికో ఒకరికి చెప్పిపోవాలి కదా అని ఒక్క ముక్క చెప్పాడు.

"లోపల పెద్ద స్ప్రింగుంది. మీరు దించి వదిలితే చాలు, అదే లేస్తుంది. గిన్నెలో పొడి ఉంటే మెల్లగా లేస్తుంది. పొడి లేకుండా వదిలారా, తుపాకీ పేలినట్టు లేస్తుంది. నా ముందు పళ్ళు రెండూ కట్టుడువే."

పరిపాలనాధికారిణి సోమిదేవమ్మగారు ఆ శిక్షణకు రాలేదు. నిబంధనలు తప్ప మరేదీ నేర్చుకునే అలవాటు ఆవిడకు లేదు. మర్నాడు ఎండీగారి గదిలో కళ్ళజోడు సర్దుకుని అన్నారు.

"పిడి దించుట ఒక చర్య. పిడి ఎత్తుట మరియొక చర్య. దించు బాధ్యత పోలమ్మకు అప్పగించడమైనది. ఎత్తు హస్తమేది?"

"దిగింది ఎక్కక ఎక్కడికి పోతుందండీ?" అన్నారు ఎండీగారు.

"ఎక్కును. ఎవరి బాధ్యతపై ఎక్కును?"

ఎండీగారు కాఫీ కోసం మొహం వాచి ఉన్న మనిషి. వాదించినకొద్దీ కాఫీ వెనక్కి పోతుంది. "ఓ పోస్టు వేసి పారేయండి" అన్నారు.

అలా పుట్టింది పిడి ఉత్థాపక సహాయకుడి పోస్టు. ముందు ఏడాదిపాటు తాత్కాలికం. ఏడాది చివర పైనుంచి వ్యయ సమీక్షాధికారి వచ్చి, ఎత్తే పని నిజంగానే ఉందని తేలిస్తే అది పర్మినెంటు అవుతుంది. లేదని తేలిస్తే పోస్టూ పోతుంది, అందులోని మనిషీ పోతాడు.

ఆ మనిషి గవర్రాజు. అప్పటికి పదమూడేళ్ళుగా కాంట్రాక్టు గుమాస్తా. ఏటేటా అతని ఉద్యోగం ఒకసారి చచ్చి మళ్ళీ పుట్టేది. ఆ చచ్చి పుట్టే మధ్య వారం రోజులూ అతను అందరి గుమ్మాల ముందూ చేతులు కట్టుకుని నిలబడేవాడు, ఇంట్లో భార్య ఎర్నమ్మ పైడితల్లమ్మకు మొక్కుకుంటూ ఉండేది. మొక్కులన్నీ 'ఈ ఏటికి గట్టెక్కించు తల్లీ' అనే. ఎప్పటికీ గట్టెక్కించమని అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. సోమిదేవమ్మగారు పిలిచి, "ఎత్తగలవా?" అని అడిగినప్పుడు, స్ప్రింగు సంగతి గవర్రాజు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఎత్తగలను మేడమ్" అన్నాడు. పదమూడేళ్ళ ఆకలి ముందు ఒక స్ప్రింగు ఏపాటిది!

మొదటి రోజు పోలమ్మ పిడి దించింది. మంచి బలమైన మనిషి, యాభై దాటినా నీళ్ళ బిందె ఒంటిచేత్తో ఎత్తుతుంది. గవర్రాజు గభాలున దాని మీద చెయ్యేశాడు. పిడి తన దారిన తను లేచింది. అతని చెయ్యి దాంతోపాటు షికారు వెళ్ళొచ్చింది.

"ఏటి బాబూ, నీ ఉద్యోగం ఆ స్ప్రింగే సేసీత్తంది" అంది పోలమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నీకు దండం పెడతాను అప్పా, ఈ మాట బయట పెట్టకు. నాను పర్మినెంటు అయిపోతాను."

అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచాడు గనక ఆమె కరిగింది. ఊరికే మాత్రం కరగలేదు. "అలాగైతే దీన్ని తోమడం, కడగడం, ఊడదీయడం, బిగించడం నీ వంతు. నాను దించుతాను, అంతే" అంది. గవర్రాజు ఒప్పుకున్నాడు. మిషను విద్య అతనికి అబ్బింది ఆ ఒప్పందం వల్లే. చేయని పనికి జీతం వస్తుంటే, ఆ సిగ్గుకొద్దీ చేయాల్సిన పని కంటే ఎక్కువే చేశాడు పాపం.

నేర్చుకోవడం అంత తేలిగ్గా సాగలేదు. పొడి బరకగా ఉంటే కాఫీ పంపు నీళ్ళలా బొళబొళా కారిపోయేది. మరీ మెత్తగా ఉంటే పిడి దిగినచోటే బిగుసుకుని, ఓ చుక్క రాల్చడానికి కూడా మొరాయించేది. బాయిలరు వేడెక్కకుండా తొందరపడితే పులుపు, ఎక్కువ మరిగితే మాడు. పొడిని ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా అదిమితే కాఫీ వదులుగా ఉన్నవైపు నుంచే పారిపోయేది. విశాఖ నీళ్ళకు బాయిలరు లోపల తెల్లటి పొర కట్టేది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి కరిగించేవాడు. శనివారం సాయంత్రాలు పిడి మొత్తం ఊడదీసి, ఎండిపోయిన రబ్బరు వాషర్లు మార్చి, గ్రీజు రాసేవాడు. లోపలి స్ప్రింగు మొదటిసారి కంటపడినప్పుడు కళ్ళకద్దుకున్నాడు. బొటనవేలంత లావున, నల్లగా, నోరెత్తకుండా పనిచేసే ఆ ఇనపచుట్ట అతని అన్నదాత మరి.

అన్నిటికంటే కష్టం చెయ్యి. లేపుతున్నట్టు కనిపించడానికి పిడిని పట్టుకుని పైకి లాగితే కాఫీ చెడేది. అడ్డం పడితే ఇంకా చెడేది. దాని ఊపును అరచేతిలో వింటూ, బరువు వేయకుండా వెంట వెళ్ళాలి. ఇది తెలియడానికి చాలాకాలం పట్టింది. తెలిసిన రోజున కప్పులోకి తేనెరంగు ధార సన్నగా, తెగకుండా దిగింది. పైన బంగారు నురగ కట్టింది. గవర్రాజు, పోలమ్మ చెరో గుక్కా తాగారు. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన ప్రాంతపు కొండల్లో కాసిన గింజలో ఇంత రుచి దాగుందని నలభయ్యేళ్ళు వచ్చేదాకా తెలియలేదు. ఆ రోజు నుంచి ఇంటికెళ్ళి ఎర్నమ్మ దగ్గర ఆ కాఫీ గురించే చెప్పేవాడు. "మాటల్తో ఎన్నాళ్ళు తాగిస్తావు మావా, ఓసారి తీసుకురారాదా?" అనేది ఎర్నమ్మ. తెస్తే చల్లారిపోతుంది, చల్లారితే అది కాఫీ కాదు అనేవాడు.

ఆఫీసులో మిషను పేరు మారుమోగింది. పేరు వచ్చిందంటే వెనకే నిబంధన వస్తుంది. పోలమ్మ చెయ్యి తీసీ తీయకముందే గవర్రాజు చెయ్యి పడుతోందనీ, ఆ సందులో పిడి బాధ్యత ఎవరిదో తెలియడం లేదనీ సోమిదేవమ్మగారు గమనించారు. వెంటనే హస్త బదిలీ విధానం వచ్చింది. పోలమ్మ పిడి దించి "దించితిని" అనాలి. గవర్రాజు పట్టుకుని "స్వీకరించితిని" అనాలి. అప్పుడే పిడి పైకి కదలాలి. విచిత్రమేమిటంటే, ఈ రెండు మాటలు అనేలోగా వేడినీళ్ళు పొడిని చక్కగా నానబెట్టేవి, కాఫీ మరింత బాగుండేది. ఆ సంస్థ చరిత్రలో ఆలస్యం వల్ల మేలు జరిగింది అదొక్కసారే. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు ఇదేదో ఇటలీ దేశపు ఆచారం కాబోలనుకుని, కప్పు అందుకుంటూ తాము కూడా భక్తిగా "స్వీకరించితిని" అనేవారు.

గవర్రాజు నటన కూడా ముదిరింది. పళ్ళు కరిచేవాడు, మెడనరాలు ఉబ్బించేవాడు, పిడి పైకి చేరాక నుదురు తుడుచుకునేవాడు. ఎండీగారు జాలిపడి, "ఎంత శ్రమండీ పాపం!" అనేవారు. "మూలుగు కాస్త తగ్గించు బాబూ, కాన్పు గదిలాగుంది" అని పోలమ్మ చెవిలో గొణిగేది. ఉత్థాపకుడు లేకపోతే దించడానికి వీల్లేదు గనక అతనికి సెలవు లేదు. జ్వరం వస్తే జ్వరంతోనే వచ్చి, దుప్పటి కప్పుకుని స్వీకరించేవాడు.

ఏడాది తిరిగింది. వ్యయ సమీక్షాధికారి దక్షిణామూర్తిగారు వచ్చారు. పొడగరి, బక్కపలచటి మనిషి. దేన్ని చూసినా నడుం వంచి, గడ్డం ముందుకు చాచి, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తారు. ఆ రోజు పొద్దున ఎర్నమ్మ గవర్రాజు నుదుట కుంకుమ పెట్టి, ఈసారి ధైర్యం చేసి 'ఎప్పటికీ' అని మొక్కుకుంది. హాల్లో ఎండీగారు, సోమిదేవమ్మగారు అటూ ఇటూ నిలబడ్డారు. దించితిని, స్వీకరించితిని అయ్యాయి. గవర్రాజు ఆ పూట మూలిగినట్టు ఏడాదిలో ఎప్పుడూ మూలగలేదు.

దక్షిణామూర్తిగారు కాఫీ తాగి, బాగుందనీ బాగాలేదనీ చెప్పలేదు. "శ్రమ ఉన్నట్టు కనబడుచున్నది. అయితే కనబడుట వేరు, ఉండుట వేరు. ఉత్థాపన భారమును స్వయముగా పరిశీలించవలసియున్నది. నేనే ఎత్తి చూస్తాను. మీరు పక్కకు తొలగండి."

పోలమ్మ గిన్నెలో పిప్పి దులిపి, కొత్త పొడి డబ్బా అందుకుంది.

"పొడి దేనికమ్మా? నాకు ఎత్తడమే కావాలి, తాగడం కాదు. వ్యయ నియంత్రణ మననుంచే మొదలవ్వాలి."

"పొడి నేకుండా ఒద్దు బాబూ..."

"దించవమ్మా!" అన్నారు సోమిదేవమ్మగారు.

పోలమ్మ బితుకుబితుకుమంటూ ఖాళీ గిన్నె బిగించి పిడి దించింది. దాన్ని వదలకుండా రెండు చేతులతో పట్టుకుని గవర్రాజు వంక చూసింది. దక్షిణామూర్తిగారు నడుం వంచి, గడ్డం సరిగ్గా పిడి పైకి తెచ్చి, లోపలికి తొంగిచూశారు. "దించితిని అనాలి కదా. అనండి. అని చెయ్యి తీయండి."

గవర్రాజుకు ఒక్క క్షణం పాపపు ఆలోచనే వచ్చింది. పళ్ళు ఎవరివి? ఆయనవి. ఉద్యోగం ఎవరిది? నాది. నోరు మూసుకుంటే ఆయన నోరు పగులుతుంది, తెరిస్తే నా కడుపు మాడుతుంది. పోలమ్మ "దిం..." అనేసరికి అతనికి ఎర్నమ్మ గుర్తొచ్చింది, బెంగళూరు గురువుగారి కట్టుడు పళ్ళు గుర్తొచ్చాయి. ఏమైతే అది అయిందని ఒక్క ఉరుకు ఉరికి, పిడికి వేలాడపడ్డాడు.

"గడ్డం తీయండి సార్! లోపల స్ప్రింగుంది! దానంతటదే లేస్తాది! మూతి పగిలిపోద్ది!"

దక్షిణామూర్తిగారు అదిరిపడి వెనక్కి దూకారు. గవర్రాజు, పోలమ్మ కలిసి బలమంతా పెట్టి, ఆపుకుంటూ ఆపుకుంటూ పిడిని పైకి చేర్చారు. ఈసారి కారిన చెమట నిజం చెమట.

"దానంతటదే లేస్తుందా?" అన్నారు దక్షిణామూర్తిగారు.

"అవును సార్."

"మరి మీరేం చేస్తున్నారు?"

"చెయ్యేసి ఉంచుతున్నాను సార్."

"ఏడాది నుంచీ?"

"ఏడాది నుంచీ సార్."

"పోనాది" అంది పోలమ్మ నుదురు కొట్టుకుని.

ముగ్గురు అధికారులూ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. గవర్రాజు బయట బల్ల మీద కూలబడ్డాడు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాడు. ఏ మాటతో మొదలుపెట్టినా ఎర్నమ్మ ముఖం చూడలేననిపించింది. చాలాసేపటికి లోపలికి పిలుపు వచ్చింది.

"ఒక స్ప్రింగు" అంటున్నారు సోమిదేవమ్మగారు ఎర్రబడ్డ ముఖంతో, "ఎట్టి నియామకమూ లేకుండా, ఎవరి అనుమతియూ పొందకుండా, సంవత్సరము పొడవునా పైకి లేచినది! దీనిపై మెమో జారీ చేసి మిషనుకు అంటించెదను. జవాబు ఈయని పక్షమున నేరము అంగీకరించినట్లే."

"పైకి లేచుట దానికి నిషేధిస్తే సరి" అన్నారు ఎండీగారు నీరసంగా.

"నిషేధిస్తే వింటుందా? లేస్తుంది" అన్నారు దక్షిణామూర్తిగారు గడ్డం తడుముకుంటూ. "నేను కళ్ళారా చూశాను. దానికి లేవాలనే ఉంది. కాబట్టి ఎత్తడానికి మనిషి అవసరం లేదు. ఎత్తే పోస్టు రద్దు చేస్తున్నాను."

గవర్రాజు కళ్ళు మూసుకున్నాడు.

"కానీ లేవకుండా ఆపడానికి మనిషి కావాలి. ఇతను ఆపాడు. నా గడ్డమే సాక్ష్యం." దక్షిణామూర్తిగారి గొంతులోకి ఒక వెలుగు వచ్చింది. "నేను ఎన్నో శాఖలు చూశాను. దేన్నైనా పైకెత్తే పోస్టులు ఎప్పుడూ తాత్కాలికమే. ఎత్తడం అయిపోతే పని అయిపోతుంది. పైకి లేచేదాన్ని ఆపే పనికి మాత్రం అంతం లేదు. అటువంటి పోస్టు పర్మినెంటు కాక ఏమవుతుంది? ఉత్థాపకుడు అన్నది కొట్టేసి ఉత్థాన నిరోధకుడు అని రాయండి."

స్ప్రింగు మెమోకు జవాబివ్వలేదు. నేరం రుజువైంది. పిడి ఇకమీదట ఆఫీసు వేళల్లో లేవరాదని ఉత్తర్వు వచ్చింది. అయితే దించే పని లేకపోతే పోలమ్మ పోస్టుకు ముప్పు గనక రోజూ పొద్దున పిడి దించాలి. చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం బాయిలరు మండుతూ ఉండాలి, ఆవిరి బుసకొడుతూ ఉండాలి. కాఫీ మాత్రం రాకూడదు. "యంత్రము పనిచేయుచుండవలెను, ఫలితము అవసరము లేదు" అన్నారు సోమిదేవమ్మగారు. ఎండీగారు ఫిల్టరు డికాక్షన్‌కు మళ్ళారు, ఆ బాధలో పంచదార మరో చెంచా పెంచారు.

గవర్రాజు కుర్చీ వేసుకుని పిడి పట్టుకుని కూర్చున్నాడు. అరచేతి కింద స్ప్రింగు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నెడుతూనే ఉండేది. పర్మినెంటు అయ్యానన్న సంతోషం ఎంతుందో, ఆ నెట్టుడు చేతికి తగిలినప్పుడల్లా అంత బాధగా ఉండేది. తనకు అన్నం పెట్టినదాని పీక తనే పట్టుకున్నట్టుండేది.

వారం తిరక్కుండా, మధ్యాహ్నం భోజనాల వేళ ఎర్నమ్మ బూరెల గిన్నెతో ఆఫీసుకు వచ్చింది. పైడితల్లమ్మకు మొక్కు తీర్చుకుని అటునుంచటే వచ్చింది. హాల్లో పోలమ్మ తప్ప ఎవరూ లేరు. ఎర్నమ్మ మిషను చుట్టూ తిరిగి చూసింది. కుర్చీలో పిడి పట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూసింది.

"ఇదేనా మావా నువ్వు సెప్పే కాఫీ మిషను? ఓ సుక్క తాగించు మరి."

"కాఫీ రాకూడదే. నాను ఉన్నది అది రాకుండా ఆపడానికి."

"నువ్వా?" అంది ఎర్నమ్మ. బూరెల గిన్నె బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులతో నిలబడింది.

గవర్రాజు ఆమె వంక చూశాడు, తలుపు వంక చూశాడు. పిడిని జాగ్రత్తగా పైకి వదిలి, గిన్నె ఊడదీసి, పొడి పోసి, సమానంగా అదిమి బిగించాడు. పోలమ్మ వచ్చి పిడి దించింది. "దించితిని" అంది నవ్వుతూ. "ఈసారి నువ్వు స్వీకరించకు బాబూ, ఒగ్గీ, అదే లేస్తాది." గవర్రాజు చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. పిడి తనంత తను, తొందర లేకుండా, పైకి లేచింది. తేనెరంగు ధార కప్పులోకి దిగింది.

ఎర్నమ్మ గుక్క తాగి మొహం చిట్లించింది. "ఏటిది, ఇంత సేదు!" అంది. రెండో గుక్క నోట్లో కాసేపు ఉంచుకుంది. మూడో గుక్కకు కళ్ళు మూసుకుంది. కప్పు అడుగున అంటుకున్న నురగను వేలితో తీసి నాకింది.

అప్పుడే చెప్పుల చప్పుడు వినిపించింది. గుమ్మంలో సోమిదేవమ్మగారు. పైకి లేచి ఉన్న పిడినీ, వెనక్కి కట్టుకున్న గవర్రాజు చేతులనూ చూశారు. గవర్రాజుకు పదమూడేళ్ళూ ఒక ఏడాదీ వారం రోజులూ కళ్ళముందు తిరిగాయి.

"లేచినది!" అన్నారు సోమిదేవమ్మగారు నెమ్మదిగా. "నిరోధకుడు ఉండగనే లేచినది! అనగా ఒక్క హస్తముతో దీనిని ఆపుట అసాధ్యమని రుజువైనది. రెండవ నిరోధకుని నియామకమునకు తక్షణమే ప్రతిపాదన పంపవలెను." అని, ఆ ఆలోచన చల్లారకముందే రాసేయాలన్నంత తొందరగా తన గదికి వెళ్ళిపోయారు.

"ఏటంతాది ఆవిడ?" అంది ఎర్నమ్మ.

"నా పక్కన ఇంకోడ్ని ఏస్తారట. ఇద్దరం కలిసి గట్టిగా పట్టుకోవాల."

"ఆడొచ్చీసినాక ఇంక కాఫీ రాదేటి?"

"రాదు."

ఎర్నమ్మ ఖాళీ కప్పు అతని ముందుకు చాపింది. "అయితే ఆడొచ్చేలోగా ఇంకో కప్పు తియ్యి మావా."